ఐదో రకం

"ఇవాళ డాక్టరు కాగితంలో ఏం రాసుందో అది పోసుకో. రేపట్నించి నన్నొదిలెయ్," అన్నాడు నారాయణరావు.

అన్నాడంటే గట్టిగా అన్నాడని కాదు. గొంతుకి ముప్ఫై మూడు సార్లు కరెంటు పెట్టించుకుని వచ్చిన మనిషి. నోరు తెరిస్తే గాలి ఎక్కువ, మాట తక్కువ. అయినా సుభద్రకి అర్థమైంది. ముప్ఫై నాలుగేళ్ళు కాపరం చేసినావిడకి ఆమాత్రం అర్థం కాకపోతే ఎలా? అర్థమైంది కాబట్టే "సరేనండి" అంది. అని, చేతిలో ఉన్న లావుపాటి సిరంజి కడగడానికి పెరట్లో పంపు దగ్గరికి వెళ్ళింది.

ఇదేం ఆడదండీ బాబూ, మొగుడు రేపట్నించి తిండి మానేసి పోతానంటుంటే సరేనని సామాను కడుక్కుంటుందా అని మీరడగొచ్చు. అడగండి. ఆగిరిపల్లిలో సగం మంది ఇలాంటివి అడిగేశారు. జనవరిలో డాక్టరు గొంతు క్యాన్సరని చెప్పిన రోజు ఆవిడ ఏడవలేదు. చెన్నైలో రెండు నెలలు హాస్పిటలు వరండాలో పడుకుంది, అప్పుడూ ఏడవలేదు. ముద్ద దిగడం లేదని పొట్టకి చిల్లు పెట్టి రబ్బరు గొట్టం వేసిన రోజు, అందులోంచి ఎలా పోయాలో అక్కడి నర్సు చూపిస్తే బుద్ధిగా తలూపి నేర్చుకుంది. ఏడుపు వ్యవహారమంతా నూజివీడులో ఉన్న కూతురు ఉదయశ్రీ చూసుకుంటోంది. రోజూ సాయంత్రం కాలేజీలో పాఠాలు చెప్పడం అయిపోగానే స్కూటరు మీద రావడం, తండ్రి మొహం చూడటం, వంటింట్లోకి పోయి చున్నీ నోట్లో కుక్కుకోవడం. సుభద్ర దాని వీపు నిమిరి, "కాఫీ తాగుతావా?" అనేది.

గుండె రాయి చేసుకుందన్నారు చుట్టాలు. రాయి చేసుకోవడానికైనా కాస్త కష్టపడాలి కదా. ఆవిడేమీ చేసుకోలేదు. ఎవరో మెయిన్ ఆపేసినట్టు అయిపోయింది, అంతే. చేతులాడుతున్నాయి, కాళ్ళాడుతున్నాయి. లోపల మాత్రం ఎవరూ లేరు.

లోపల ఎవరుంటారేంటి అంటారా? ఆ ఇంట్లో దానికో పెద్ద కథ ఉంది.

నారాయణరావుకి తొమ్మిదెకరాల మామిడి తోట. మనిషి భోజనప్రియుడు. ఆ మాట కూడా చిన్నదే. పెళ్ళిళ్ళలో ఆయన కూర్చున్న బంతి లేచేసరికి వడ్డించేవాళ్ళ నడుములు పడిపోయేవి. "మా నారాయణరావుకి కడుపే కైలాసంరా" అని స్నేహితులు ఎకసెక్కాలాడేవాళ్ళు. ఇంకొకరైతే నవ్వేసి ఊరుకునేవారు. ఈయన పొట్ట మీద చెయ్యేసుకుని, "కాక మరి? కైలాసమన్నాక లోపల ఆయనుండాలిగా. ఉన్నాడు," అనేవాడు. వేళాకోళానికి కాదు. అది వాళ్ళ నాన్న నేర్పిన మాట. కడుపులో మండేది ఉత్త ఆకలి కాదు, అగ్నిహోత్రం. వైశ్వానరుడనే పేరుతో భగవంతుడే అక్కడ కూర్చుని, మనం వేసిందల్లా వండుకుంటాడు. మనం తినడం లేదు, ఆయనకి పెడుతున్నాం. అంచేత నారాయణరావు కంచం ముందు కూర్చుంటే మొదటి ముద్ద కళ్ళకద్దుకుని, ఎడమ చెయ్యి పొట్ట మీద పెట్టి, "అయ్యా, తీసుకో" అనేవాడు. ఆ తర్వాతే ముద్ద నోట్లోకి వెళ్ళేది.

వైశ్వానరుడన్న పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగక ఆయన కాస్తా 'లోపలాయన' అయిపోయాడు. "లోపలాయన గోల పెడుతున్నాడే" అంటే నారాయణరావుకి ఆకలి దంచేస్తోందని. "లోపలాయన పడుకున్నాడు" అంటే ఇంక వడ్డించొద్దని. చిన్నప్పుడు ఉదయశ్రీ అన్నం తిననని మారాం చేస్తే, "నువ్వు మానేస్తే మానెయ్, లోపలాయన్ని పస్తుంచకు, పాపం" అని బతిమాలి తినిపించేవాడు.

ఆయన తిని లేచాక ఆ కంచంలోనే సుభద్ర తినేది. పతిభక్తి అని మురిసిపోకండి. కొత్తకాపరంలో అత్తగారు పెట్టిన అలవాటు అది. అత్తగారు పోయాక, ఇంకో కంచం తోమడం దేనికని అలాగే సాగింది. "అదేం పనమ్మా, ఛీ" అని చదువుకున్న కూతురు తిట్టిపోసినా మానలేదు. ఆయన చెయ్యి కడిగిన చప్పుడు వినిపిస్తే చాలు, ఈవిడకి ఆకలి దానంతటదే పుట్టుకొచ్చేది.

ఇప్పుడు ఆ కంచం లేదు, ఆ చెయ్యి కడగడం లేదు. గొట్టం, సిరంజి, గోడ గడియారం ఉన్నాయి. ఆయన తర్వాత తినాలంటే ఎప్పటి తర్వాత? పైగా మింగలేని మనిషి ఎదురుగా కంచం పెట్టుకుని కూర్చోవడానికి ఆవిడకి చేతులు రాలేదు. ఎప్పుడో ఒకప్పుడు వంటింటి తలుపు చాటున నిలబడి, అడుగున మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి పిసుక్కుని నాలుగు ముద్దలు మింగేది. కొన్ని రోజులు అదీ ఉండేది కాదు. లేదన్న సంగతి గుర్తు కూడా ఉండేది కాదు.

గొట్టం వేసిన కొత్తలో నారాయణరావు ఓపిగ్గానే ఉన్నాడు. రోజుకి ఆరుసార్లు పోయాలి. డబ్బాలో పొడి నీళ్ళలో కలిపి ఒకసారి, రాగిజావ వడగట్టి ఒకసారి, పల్చటి మజ్జిగ ఒకసారి, మళ్ళీ డబ్బా పొడి. చల్లగా ఏదో పొట్టలోకి జారినట్టు తెలుస్తుంది, అంతే. ఆకలి వేయదు, నిండినట్టుండదు, ఒక్క తేన్పు రాదు. రెండో నెలలో ఒక మధ్యాహ్నం, సుభద్ర సిరంజి ఎత్తి పట్టుకుని ఉండగా, ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

"కొరికేది. మింగేది. నాకేది. జుర్రేది. అన్నం నాలుగే రకాలు. నాన్న చెప్పేవాడు. లోపలాయన ఆ నాలుగే వండుకుంటాడు. మరి ఇదేంటి?"

సుభద్ర సిరంజిలోకి చూసింది. "ప్రొటీనండి," అంది.

"కొరికానా? మింగానా? నాకానా, జుర్రానా?" బొటనవేలు ఒక్కటీ మిగిలింది. దాన్ని చూపించాడు. "ఇది ఐదో రకం. ఐదో రకం ఆయన ముట్టడు. అసలున్నాడో, లేచి వెళ్ళిపోయాడో."

చాదస్తమని మీకనిపిస్తే అనిపించనివ్వండి. అరవై రెండేళ్ళు ఆ మనిషి ఆ ఒక్క మాట నమ్ముకుని అన్నం తిన్నాడు. ఇప్పుడు ఖాళీ ఇంట్లోకి రోజుకి ఆరుసార్లు భోజనం పారబోస్తున్నట్టుంది ఆయనకి. అన్నం పారబోయడం పాపం. ఆ పాపం తన పొట్టలోనే జరుగుతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాడు? ఆ మధ్యాహ్నం నుంచి గొట్టం బిరడా గుప్పిట్లో బిగించి పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆరు కాస్తా నాలుగైంది. నాలుగు రెండైంది.

రోజు విడిచి రోజు విస్సన్నపేట నుంచి బండి మీద వచ్చి, గొట్టం చుట్టూ కట్టు మార్చి వెళ్ళే నర్సు మార్టిన్. మొన్న వచ్చినప్పుడు తూకం చూశాడు. నలభై ఆరు. సుభద్రని వసారాలోకి పిలిచి, గొంతు తగ్గించాడు.

"ఇంకో మూడు కిలోలు తగ్గితే మనిషి ఆగరండీ. గొంతు మళ్ళీ తెరుచుకునే అవకాశం ఉందని చెన్నై డాక్టరుగారు అంటున్నారు. ఆగస్టు దాకా ఒంట్లో సత్తువుండాలి. మీరు గట్టిగా చెప్పాలమ్మా."

"చెప్తానండి," అంది సుభద్ర. ఏ గట్టితనంతో చెప్తుంది? ఉంటేగా. చెప్పలేదు. రెండు రోజులు గడిచిపోయాయి. ఈ పొద్దున ఆయనే చెప్పేశాడు, రేపట్నించి వద్దని. అంటే చేతిలో ఉన్నది ఈ ఒక్క రోజు.

తొమ్మిదిన్నరకి మార్టిన్ ఫోన్ చేశాడు.

"అమ్మా, చెన్నై నుంచి కొత్త చార్టు పంపారండి. వాట్సాప్‌లో పెడితే మీరు చూసుకోరు కదా. చదువుతాను, రాసుకోండి."

సుభద్ర క్యాలెండరు వెనక రాసుకుంది.

"పదకొండింటికి రసం, నూటయాభై మిల్లీలు. బాగా పల్చగా, రెండుసార్లు వడగట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పోయాలండి. రెండింటికి రాగిజావ. మిగతాదంతా మామూలే."

"రసమా?" అంది.

"రసమేనండి. ఎప్పుడూ ఆ డబ్బా పొడేనా, పొట్టకి కొంచెం మార్పుండాలని రాశారు."

"రేపట్నించి వద్దన్నారండి ఈయన," అంది సుభద్ర. పాలవాడికి రేపు పాలొద్దని చెప్పే గొంతుతోనే అంది.

"నేనొచ్చి మాట్లాడతానమ్మా. పన్నెండు లోపల వచ్చేస్తాను. ఈలోగా చార్టు ప్రకారం చేసెయ్యండి."

చార్టు ప్రకారం. లోకంలో ఆవిడకి అర్థమయ్యే మాట అదొక్కటే మిగిలింది. చెప్పులేసుకుని ఇంటి వెనక తోటలోకి నడిచింది.

ఈ ఏడు తోట కౌలుకిచ్చేశారు. కాపంతా వ్యాపారిది, పడమటి గట్టు మీది చెట్టు ఒక్కటి తప్ప. అది మామగారు నాటిన చిన్న రసం చెట్టు. దాన్ని నారాయణరావు ఏనాడూ కౌల్లో కలపనివ్వలేదు. కాయ చిన్నది, పీచెక్కువ, చూడ్డానికి ఏమంత బాగుండదు. కానీ జుర్రితే చిట్టచివర జీలకర్ర వాసన తగులుతుందని ఆయన అనేవాడు. ఆయన ఒక్కడే అనేవాడు. సుభద్రకి ఇన్నేళ్ళలో ఒక్కసారీ తగల్లేదు. "మీ ముక్కుకి దేవుడి గుళ్ళో కూడా తాలింపు వాసనే వస్తుంది" అని వెక్కిరించేది.

చెట్టు కింద ఆంజనేయులు కొమ్మలకి ఊతకర్రలు పెడుతున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ తోటని చూసుకుంటున్న మనిషి.

"రసాలు కావాలి ఆంజనేయులూ. అయ్యగారికి."

ఆంజనేయులు చేతిలో కర్ర వదిలేశాడు. "అయ్యగారు తింటున్నారామ్మా?"

"పోయడానికి."

అతని మొహం ఎంత వేగంగా వెలిగిందో అంత వేగంగా ఆరిపోయింది. చిక్కం అందుకున్నాడు. పొడుగాటి గెడ చివర వల కట్టిన చిక్కంతో, చెట్టు మీదే మాగిన పళ్ళని ఏరి ఏరి, ఒక్కటి నేల మీద పడకుండా దించాడు. ఆరు పళ్ళు. తలగుడ్డ విప్పి ఒక్కోటీ తుడిచి ఆవిడ చేతుల్లో పెట్టాడు. పళ్ళు ఎండకి వెచ్చగా ఉన్నాయి. గోరువెచ్చగా అన్నాడుగా, సరిపోయిందిలే అనుకుంది సుభద్ర.

"ఏటా మొదటి పండు ఇక్కడే నిలబడి జుర్రేవారమ్మా," అన్నాడు ఆంజనేయులు. "పొట్ట మీద చెయ్యేసుకుని. నాకూ ఒకటిచ్చి, 'నీ లోపలాయనకి కూడా పెట్టరా' అనేవారు."

"ఊఁ," అంది సుభద్ర. వచ్చేసింది.

వంటింట్లో కూర్చుని, తొడిమల దగ్గర ముచ్చికలు కోసింది. సొన చుక్క పిండి పారేసింది. పండు చుట్టూ వేళ్ళతో నొక్కి నొక్కి మెత్తబరిచి, గిన్నెలోకి పిండింది. పాత నూలు పంచె ముక్కలో ఒకసారి వడగట్టింది. ఎంత పీచో. ఇంకోసారి వడగట్టింది. కాచిన నీళ్ళు కలిపి, సిరంజిలోంచి జారేంత పల్చన చేసింది. పిండేసిన టెంకలూ తొక్కలూ పళ్ళెంలోకి నెట్టింది. మోచేతుల దాకా పసుపు. ఇల్లంతా వాసన. నిరుడైతే ఆ వేళ్ళు ఒక్కోటీ చప్పరించేది. పంపు కింద పెట్టి సబ్బుతో కడిగేసుకుంది.

నారాయణరావు మంచం మీద దిండ్లకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఈ రోజుకి ఒప్పుకున్నాడు కాబట్టి బిరడా పట్టుకోలేదు. ఏం తెచ్చావని కూడా అడగలేదు. వాసన తెలుస్తుందేమోనని చూసింది సుభద్ర. ఎప్పుడూ నోటితోనే గాలి లాక్కునే మనిషికి గదిలో వాసనేం తెలుస్తుంది? గొట్టం పసుపు రంగుకి తిరిగింది. నూటయాభై మిల్లీలూ మెల్లగా దిగిపోయాయి. ఆయన ఎడమ చెయ్యి దుప్పటి మీద ఊరికే పడి ఉంది. చాలా రోజులుగా అది పొట్ట మీదకి రావడం లేదు.

ఇంకా సిరంజి తియ్యకముందే వాకిట్లో బండి ఆగింది. మార్టిన్ లోపలికొచ్చి, బ్యాగు కింద పెట్టబోతూ అలాగే ఆగిపోయాడు.

"అదేంటమ్మా, పచ్చగా?"

"రసమండి."

"ఏం రసం?"

"చిన్న రసం. మన తోటదే." ఎందుకడుగుతున్నాడో తెలియక, "రెండుసార్లు వడగట్టానండి," అని కూడా చెప్పింది.

మార్టిన్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అయ్యో అమ్మా! రసం అంటే చారండీ! మిరియాల చారు! చెన్నైలో చారుని రసమంటారు!"

నవ్వకండి. ఈ వైపు చారుని చారంటారు. ఇంట్లో చారే, పెళ్ళి బంతిలోనూ చారే. రసమంటే మామిడిపండు. అందులో చిన్నదీ పెద్దదీ ఉంటాయి, అంతే తేడా. మే నెలలో నూజివీడు వైపు మనిషితో రసం పొయ్యమని చెప్పి, పొయ్యి మీద చారు కాగుతుందనుకోవడం చెప్పినవాడి తప్పు. మార్టిన్ కూడా ఇక్కడివాడే. కానీ నాలుగేళ్ళు చెన్నైలో నర్సింగు చదివి, మెస్సులో రోజూ ఆ రసం పోసుకుని తిని, మాట మరిచిపోయాడు.

తప్పెవరిదైనా పోసింది పోసేసింది. మార్టిన్ గబగబా మంచం తల వైపు ఎత్తు పెంచాడు. గొట్టంలోంచి నీళ్ళు పోసి చూశాడు. వేలు పొడిచి షుగర్ చూశాడు.

"గొట్టం ఆడుతోంది. కానీ ఆయన పొట్ట ఇన్నాళ్ళూ ఆ పొడీ జావా మజ్జిగా తప్ప ఎరగదు, ఒక్కసారిగా ఇంత తీపి పడింది. వాంతి కాకూడదండీ. వాంతై ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే..." అని ఆపేశాడు. "అరగంట చూద్దాం. పడుకోబెట్టకండి."

అప్పుడు సుభద్రకి భయం వేసింది.

అయిదు నెలల తర్వాత మొదటిసారి వేసింది. అరికాళ్ళ నుంచి పైకి పాకింది. చెయ్యి చాపి గోడ పట్టుకుంది. "నేనే చంపేశానాండీ?" అని మార్టిన్‌ని అడిగింది. ఆయన పొద్దున అన్న మాట ఇప్పుడొచ్చి చెవిలో పడింది. రేపట్నించి నన్నొదిలెయ్. దానికి తను సరేనంది. ఏమని సరేనంది? ఎవరు అన్నారా సరే అన్న మాట? కూరలవాడితో అన్నట్టు మొగుడితో సరే అనేసి సిరంజి కడుక్కుంది. సుభద్ర రెండు చేతులతో నోరు మూసుకుంది. ఈ మనిషి పోకూడదు. ఇవాళా పోకూడదు, రేపూ పోకూడదు. అంత గట్టిగా ఒక మాట అనుకుని ఎన్నాళ్ళయిందో.

పావుగంట గడిచింది. ఇరవై నిమిషాలు గడిచాయి. నారాయణరావు మొహం ఒక్కసారిగా బిగుసుకుంది, మెడ ముందుకి వచ్చింది. మార్టిన్ "ఇదిగో" అంటూ గిన్నె అందుకుని ఆయన గడ్డం కింద పెట్టాడు. సుభద్ర కళ్ళు గట్టిగా మూసుకుంది.

వచ్చింది వాంతి కాదు. తేన్పు. మామూలు తేన్పా అది? పెళ్ళి భోజనం చేసి, బంతి చివర పెరుగన్నం కూడా కానిచ్చి, విస్తరి మడిచినవాడికి వచ్చే తేన్పు. గది దద్దరిల్లింది.

నారాయణరావు వెంటనే నోరు మూసేశాడు. మూసి, అలాగే ఉండిపోయాడు. ముక్కుపుటాలు మాత్రం కదులుతున్నాయి. ఏదో పైకొచ్చినదాన్ని పోనివ్వకుండా పట్టుకున్నవాడిలా చాలాసేపు ఉన్నాడు. దుప్పటి మీద పడి ఉన్న ఎడమ చెయ్యి లేచింది, పొట్ట మీద వాలింది.

"పడమటి గట్టుది," అన్నాడు.

సుభద్ర కళ్ళు తెరిచింది. ఏ చెట్టుదో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"జీలకర్ర," అన్నాడు మళ్ళీ. ఎండిపోయిన ఆ మొహం మీద నీళ్ళు జారుతున్నాయి.

"నాలిక మీద రుచి లేకపోయినా, తేన్పులో వాసన వెనక నుంచి ముక్కుకెక్కుతుందమ్మా. అప్పుడప్పుడు జరుగుతుంది," అన్నాడు మార్టిన్. చదువుకున్నవాడు, ఏదో ఒకటి చెప్పాలిగా. చెప్పాడు గానీ గిన్నె కింద పెట్టడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

నారాయణరావు పట్టించుకోలేదు. వేళ్ళు మడుస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో వేలు దగ్గర ఆపి, సుభద్రకి చూపించాడు.

"ఐదో రకం కాదే. నాలుగోదే. జుర్రాడు." ఊపిరి తీసుకున్నాడు. "నా నోరు లేకపోయినా ఆయనే జుర్రుకున్నాడు. ఉన్నాడే సుభద్రా. ఎక్కడికీ పోలేదు."

సుభద్ర దగ్గరికి జరిగింది. కొంగుతో ఆయన మొహం తుడిచింది. తుడుస్తున్న చెయ్యిని ఆయన మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. పట్టుకుని, దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. గాజులు మోచేతి దాకా జారిపోయాయి.

"నువ్వేం తిన్నావు?"

"తిన్నానండి."

"ఏం తిన్నావు?"

వెనక్కి వెతుక్కుంది. పొద్దున కాఫీ పెట్టింది, అది చల్లారిపోతే పారబోసింది. నిన్న రాత్రి... నిన్న మధ్యాహ్నం... ఎంత వెతికినా ఒక్క ముద్ద గుర్తు రాలేదు. ఆయన చూస్తూనే ఉన్నాడు. అయిదు నెలలుగా గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి, ఇప్పుడు పెళ్ళాన్ని చూశాడు. చూసి, కోపమొచ్చింది ఆయనకి.

"నా లోపలాయనకి గడియారం చూసి మరీ పోస్తున్నావు. నీ లోపలాయన ఏం పాపం చేశాడే?" గాలి అయిపోయింది. ఆగి, మళ్ళీ కూడదీసుకున్నాడు. "ఇక్కడున్నాయనా అక్కడున్నాయనా వేరనుకున్నావా? ఒక్కడే. ఒక పక్క పెడుతూ ఇంకో పక్క మాడుస్తున్నావు. పిచ్చిదానా."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సుభద్ర వంటింట్లోకి వెళ్ళింది. పిండేసిన టెంకల పళ్ళెం అక్కడే ఉంది, రెండు ఈగలు ముసిరాయి. ఈగల్ని తోలింది. తలుపు చాటున ఎప్పుడూ నిలబడే చోట నిలబడి ఒక టెంక తీసుకుంది. అప్పుడు కడుపులో భగ్గుమంది. నొప్పేమో అనుకుంది ముందు. కాదు, ఆకలి. కళ్ళు తిరిగేంత, నేల మీద కూలబడిపోయేంత ఆకలి. టెంక మళ్ళీ పళ్ళెంలో పెట్టి, పళ్ళెం పట్టుకుని గదిలోకి వచ్చింది. మంచం పక్కన, ఆయనకి ఎదురుగా, నేల మీద చతికిలబడింది.

ఎడమ చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. ఆయనలా పైకి అనడానికి సిగ్గేసి, మనసులోనే అనుకుంది. తర్వాత టెంక నోట్లో పెట్టుకుని జుర్రింది.

ఎంత పిండినా టెంకకి కాస్త మిగులుతుంది. రెండు చేతులతో పట్టుకుని పీచు వెంట పళ్ళు పెట్టి లాగింది. మోచేతుల మీదుగా రసం కారింది. ఏడుపు కూడా అప్పుడే వచ్చింది, ఆగకుండా, చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ. ఏడుస్తూనే జుర్రింది. ఒక టెంక తెల్లబడగానే రెండోది తీసుకుంది. మార్టిన్ ఆ పక్కకి తిరిగి, ఇప్పుడు అవసరం లేని కట్టు సామాను సర్దుతున్నట్టు నటించాడు.

మూడో టెంక చివర, గొంతు దగ్గర, సన్నగా జీలకర్ర వాసన తగిలింది. సుభద్ర తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయనకి అర్థమైంది.

"చెప్పానా?" అన్నాడు.

కాసేపు ఆవిడ తినడమే చూశాడు. మంచం మీద కదిలాడు. చొక్కా తనే పైకి జరుపుకుని, గొట్టం చివర బిరడాని వేళ్ళతో తడిమి వదులు చేశాడు. నాలుగు నెలల్లో ఆయన దాన్ని తెరవడానికి పట్టుకున్నది అదే మొదలు.

"లోపలాయన గోల పెడుతున్నాడే," అన్నాడు.

సుభద్ర నోట్లోంచి టెంక తియ్యలేదు. తియ్యకుండానే చెయ్యి అడ్డం ఊపింది.

"ఆగమనండి," అంది. "నా లోపలాయన ఇంకా తింటున్నాడు."